కస్టమర్ ఊళ్లోనే కాపురం

కాగితం మీది టెలిఫోన్ కేబుల్ మ్యాపును కంప్యూటర్‌లోకి ఎక్కించడం చూసేవాళ్లకు గుమాస్తా పనిలా ఉంటుంది. కాగితాన్ని స్కాన్ చేయాలి. దాని మీది గుర్తుల్ని నేల మీది అసలు స్థానాలకు సరిపెట్టాలి. ఆపైన కేబుల్, స్తంభం, మ్యాన్‌హోల్ అంటూ ఒక్కోదాన్నీ ఒక్కో పొరలో గీసుకుంటూ పోవాలి. చిక్కంతా గీతల కొసల దగ్గరే. రెండు కేబుళ్లు కలవాల్సిన చోట ఒక గీత వెంట్రుకవాసి ముందు ఆగిపోయిందనుకోండి, కంటికి కలిసినట్టే ఉంటుంది. కంప్యూటర్‌కు మాత్రం అక్కడ లైను తెగిపోయినట్టు లెక్క. ఫలానా వీధికి కనెక్షన్ ఏ జంక్షన్ నుంచి వస్తోందని అడిగితే తప్పు జవాబు చెబుతుంది. గీత కాస్త దాటిపోయినా ఇదే గొడవ. అందుకే ఈ పనిలో గీసేవాళ్లు వేరు, సరిచూసేవాళ్లు వేరు, వాళ్లిద్దరి కళ్లూ తప్పినవాటి కోసం ప్రోగ్రామ్‌తో మరో తనిఖీ. నెదర్లాండ్స్ టెలిఫోన్ కంపెనీ కేపీఎన్‌కు ఈ తరహా నెట్‌వర్క్ పనులు చేసిపెట్టింది హైదరాబాద్‌కు చెందిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్. 2014 నుంచి దాని పేరు సైయెంట్. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌కు దగ్గర్లో, సాఫ్ట్‌వేర్ యూనిట్స్ లేఅవుట్‌లో ఉంటుంది.

విదేశీ మార్కెట్‌లో నిలబడటానికి హైదరాబాద్ కంపెనీలు వేసిన ఎత్తుగడల్లో నాకు పనితనం బాగా కనిపించేది ఇన్ఫోటెక్ ఎత్తుగడలోనే. పైకి ఆర్భాటం లేదు. విడదీసి చూస్తే ప్రతి అడుగుకూ ఒక కారణం ఉంది.

బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి 1991లో కంపెనీ పెట్టేనాటికి కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్, ఆ తర్వాత ఐఐటీ కాన్పూర్, మిషిగన్ విశ్వవిద్యాలయం చదువులు ముగించి, ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసి ఉన్నారు. ఆ దశాబ్దం చివరికి మన కుర్రాళ్ల పరిస్థితి ఏమిటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మెకానికల్ చదివినవాడూ సివిల్ చదివినవాడూ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి, కంప్యూటర్ల తేదీల చిక్కు వైటూకే పుణ్యమా అని అమెరికా విమానం ఎక్కేవాడు. డబ్బంతా అటే ఉంది. ఇన్ఫోటెక్ మాత్రం డ్రాయింగులూ మ్యాపులూ పట్టుకుని కూర్చుంది. బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో తనకంటే ఎన్నో రెట్లు పెద్ద కంపెనీలతో తలపడే బదులు, వాళ్లు పెద్దగా పట్టించుకోని ఇంజినీరింగ్ పనిని ఎంచుకుంది. మెకానికల్ డిగ్రీలు గుట్టలుగా పడి ఉన్న రాష్ట్రంలో ఆ డిగ్రీకే గిరాకీ తెచ్చే దారి అది. ఇప్పుడు చెప్పుకోవడానికి సులువుగానే ఉంది కానీ, పక్క కంపెనీ ఏటా రెట్టింపవుతుంటే చూస్తూ ఈ దారిలో ఉండటానికి గుండె నిబ్బరం కావాలి.

రెండో ఎత్తు మరీ ముచ్చటైనది. చాలా కంపెనీలు అమెరికా ఆఫీసు అనగానే న్యూజెర్సీయో కాలిఫోర్నియానో చూసుకున్నాయి. ఇన్ఫోటెక్ కనెక్టికట్ రాష్ట్రంలోని ఈస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో పెట్టింది. అంత చిన్న ఊళ్లో ఎందుకంటే, విమాన ఇంజిన్లు తయారుచేసే ప్రాట్ అండ్ విట్నీ ప్రధాన కార్యాలయం అక్కడే. 2010లో డాక్స్‌కాన్ ఇంజినీరింగ్ అనే చిన్న సంస్థను కొన్నది. అది ఇల్లినాయి రాష్ట్రంలోని పియోరియాలో ఉంది. బుల్‌డోజర్ల కంపెనీ క్యాటర్‌పిల్లర్‌కు అప్పట్లో సొంతూరు అదే. అంతకు ముందు 1999లో బ్రిటన్‌లో డేటావ్యూ సొల్యూషన్స్, 2000లో జర్మనీలో ఏజీఎస్. 2005లో మ్యాపుల కంపెనీ టెలీ అట్లాస్ భారత విభాగాన్నే కొని, ఆ కంపెనీ పనినీ వెంట తెచ్చుకుంది. ఈ కొనుగోళ్లలో ఎక్కడా పేరు మోసిన సంస్థను భారీ ధరకు కొన్న దాఖలా లేదు. కస్టమర్ గుమ్మం దగ్గరున్న చిన్న ఆఫీసు, కస్టమర్ భాషలో మాట్లాడగలిగే మనుషులు దక్కితే చాలనుకున్నట్టుంది. అసలైన పని మాదాపూర్‌లో జరుగుతుంది. కానీ రేపేం రావచ్చన్న సంగతి ఈస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో భోజనాల దగ్గర తెలుస్తుంది. అమెరికా రక్షణ రంగానికి చెందిన సాంకేతిక సమాచారం అనుమతి లేకుండా దేశం దాటకూడదని అక్కడి చట్టం. అలాంటి పని జోలికి వెళ్లాలన్నా అక్కడ మనుషులు ఉండక తప్పదు.

ప్రాట్ అండ్ విట్నీతో బంధం 2000 ప్రాంతంలో మొదలైంది. ఇంజిన్ కంపెనీ ఎవరికైనా డ్రాయింగ్ ఇచ్చిందంటే ఆషామాషీ సంగతి కాదు. ఒక బ్రాకెట్‌లో బోల్టు రంధ్రాన్ని రెండు మిల్లీమీటర్లు జరపాలనుకుందాం. అక్కడి లోహం మీద ఒత్తిడి మారుతుంది. వేడికి వ్యాకోచిస్తే పక్క పైపుకు తగులుతుందేమో చూడాలి. ఇంజిన్ తిరిగే వేగాల్లో దేనికైనా ఆ బ్రాకెట్ అదరడం మొదలుపెడుతుందేమో లెక్క కట్టాలి. బిగించే స్పానర్‌కు చోటుందా? రిపేరు పుస్తకంలో బొమ్మ మారిందా? ఇన్నీ అయ్యాక, ఎవరు ఎందుకు మార్చారో కాగితం మీద ఉండాలి. పదేళ్ల తర్వాత ఎవరైనా అడగొచ్చు. ఇలాంటి పని మొదటి రోజే ఎవరూ చేతికివ్వరు. ముందు డ్రాయింగులు గీయిస్తారు, కొన్నాళ్లకు ఒత్తిడి లెక్కలు ఇస్తారు, నమ్మకం కుదిరాక ఒక భాగం బాధ్యత మొత్తం అప్పగిస్తారు. ఈ మెట్లు ఎక్కడంలో తొందరపడితే దెబ్బ తగిలేది లాభానికి కాదు, నమ్మకానికి. ఇన్ఫోటెక్ ఓపిగ్గా ఎక్కింది. ఎంతవరకంటే, ప్రాట్ అప్పటి మాతృసంస్థ యునైటెడ్ టెక్నాలజీస్ ఇన్ఫోటెక్‌లో వాటాదారుగా చేరింది. పని ఇచ్చేవాడే వాటాదారు కూడా అయితే, రేటు రెండు డాలర్లు తగ్గిందని మరో ఊరి కంపెనీ వైపు చూడటం అంత తేలిక కాదు. బేరసారాల్లో గెలవడం కంటే బేరమే అవసరం లేని చోటికి వెళ్లడం నయం. ఈ వాటా దగ్గరే నాకు ఆ పనితనం పూర్తిగా పట్టుబడింది.

దీనికి ఖరీదూ ఉంది. కొద్దిమంది కస్టమర్లతో లోతుగా పెనవేసుకున్నాక వాళ్లకు జలుబు చేస్తే మనకు తుమ్ములు తప్పవు. విమానాల వ్యాపారం పడిపోయినప్పుడల్లా హైదరాబాద్‌లోనూ సెగ తగులుతుంది. పైగా ఐటీ దిగ్గజాల పక్కన పెడితే కంపెనీ పరిమాణం ఇప్పటికీ చిన్నదే. దాన్ని లోపమని అనేవాళ్లతో నాకు పేచీ లేదు. కాకపోతే ఆ దారిలో అంతకంటే పెద్దది కావడం సాధ్యమా అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు ఆట తిరగబడుతోంది. ఒకప్పుడు ఇక్కడి కంపెనీ కస్టమర్ ఊరు వెతుక్కుంటూ వెళ్లింది. ఇప్పుడు కస్టమర్లే సొంత ఇంజినీరింగ్ కేంద్రాలతో మన ఊళ్లకు వస్తున్నారు. మాదాపూర్ నుంచి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ దాకా బోర్డులు చదువుకుంటూ పోతే చాలు. ప్రాట్ అండ్ విట్నీయే 2023లో బెంగళూరులో తన సొంత ఇంజినీరింగ్ సెంటర్ తెరిచింది. డ్రాయింగ్ పని వరకే ఆగిపోయిన కంపెనీకి ఇది గట్టి పరీక్షే. 2015లో సైయెంట్ మైసూరులోని రంగ్‌సన్స్ ఎలక్ట్రానిక్స్‌లో 74 శాతం వాటా కొన్నప్పుడు, ఇంజినీరింగ్ సేవల కంపెనీకి ఫ్యాక్టరీ ఎందుకని పెదవి విరిచినవాళ్లు ఉండే ఉంటారు. విమానాల్లో, వైద్య పరికరాల్లో పెట్టే సర్క్యూట్ బోర్డుల్ని అక్కడ బిగిస్తారు. అదే ఇప్పటి సైయెంట్ డీఎల్‌ఎం, 2023 జులైలో స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. గీసేవాళ్లను కస్టమర్ తన ఆఫీసులోనే కూర్చోబెట్టుకోగలడు. బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీని మాత్రం అంత సులువుగా పెట్టుకోలేడు. ఈ లెక్కతోనే కొన్నారో లేదో కానీ, కంపెనీకి ఇప్పుడు పనికొస్తున్నది ఆ లెక్కే.