జెండాల కింది ముఖాలేవీ?

చైల్డ్ హాసమ్ 1917 ఫిబ్రవరిలో వేసిన ‘ది అవెన్యూ ఇన్ ది రెయిన్’ చూస్తే మాకు ఆగస్టు పదిహేను నాటి మార్కాపురం బజారు గుర్తొస్తుంది. న్యూయార్క్‌లో ఫిఫ్త్ అవెన్యూ. వాన. పైనుంచి కిందిదాకా అమెరికా జెండాలే. తడిసిన రోడ్డు మీద మళ్ళీ వాటి నీడలే. అందమైన బొమ్మ, కాదనం. 1963 నుంచీ వైట్‌హౌస్ సొత్తు.

మరి మనుషులేరి? గొడుగుల కింద నల్లటి మరకలు. ఒక్క ముఖమూ లేదు. ఇంప్రెషనిస్టు పద్ధతే అంత అనొచ్చు. కానీ ఏది మరకవుతుందో, ఏది వెలుగుతుందో నిర్ణయించేది చిత్రకారుడే కదా!

హాసమ్ పేరు వింటే మావాడే అనిపిస్తుంది. అప్పట్లోనూ అలా అనుకున్నవాళ్ళున్నారు. ఆయనకూ అది సరదా. సంతకం పక్కన నెలవంక గీసేవాడు. నిజానికి పాత ఇంగ్లీషు వంశం. నెలవంక ఆయనకు అలంకారం, వద్దనుకుంటే తీసెయ్యొచ్చు. మాకది పుట్టుకతో వచ్చింది.

ఆ జెండాల దేశంలోనే 1918 ఏప్రిల్‌లో, ఇల్లినాయ్ రాష్ట్రం కాలిన్స్‌విల్‌లో, రాబర్ట్ ప్రేగర్ అనే జర్మన్ వలసజీవిని గుంపు పట్టుకుంది. ఒంటికి జెండా చుట్టింది. ముద్దు పెట్టించింది. ఉరి తీసింది. నిందితుల్ని జ్యూరీ వదిలేసింది. 1916 నుంచి 1919 దాకా హాసమ్ వేసిన ముప్పై దాకా జెండా బొమ్మల్లో ప్రేగర్ లేడు.

మేమూ మార్కాపురం పలక మీదే అక్షరాలు దిద్దాం. బళ్ళో జెండాలో పూలు మూటగట్టినవాళ్ళం. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు మాత్రం మా చేతుల్లోని జెండా వైపు గాక మా ముఖాల వైపు చూశారు. దర్గా మీది పచ్చజెండా ఏ దేశానిదని అడిగారు. అడిగింది ఎవరో కాదు, పీర్ల గుండం చుట్టూ మాతో కలిసి అలాయి ఆడినవాళ్ళే!

1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీకి చూపిన జెండాలో ఎరుపు హిందువులకు, పచ్చ ముస్లింలకు గుర్తు. 1931లో రంగులకు మతాల అర్థం లేదన్నారు. మంచిదే. అర్థం పోయింది, అనుమానం ఎందుకు మిగిలింది?

దూరంనుంచి చూస్తే ఏ జెండా అయినా అందమే. హాసమ్ దూరంనుంచే చూశాడు. గిద్దలూరులోనో కంభంలోనో ఎవరైనా జెండాపండుగ బొమ్మ వేస్తే ఒక్కటే అడుగుతాం. జెండా వెయ్యండి. దాని కింద నిలబడ్డ సాయిబు ముఖం కూడా వెయ్యండి. మరకగా కాదు, కళ్ళూ ముక్కూ ఉన్న మనిషిగా.