గోడకెక్కిన అమరావతి

ఈ వారం గవర్నరుపేటలో ఒక ఫ్రేముల షాపులో అమరావతి శిల్పం లితోగ్రాఫు చూసి ఒళ్లు మండింది. జేమ్స్ ఫెర్గూసన్ 1868లో లండన్‌లో అచ్చు వేయించిన ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’లోది. కుట్టు దగ్గర బ్లేడు పెట్టి కోసిన గుర్తు అంచున స్పష్టంగా ఉంది. పుస్తకాలు కోసి బొమ్మలమ్మేవాళ్ల మీద నాకెంత కోపమో ఈ కాలమ్ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ బొమ్మకు మూలం సైనికాధికారి కాలిన్ మెకంజీ సేకరణ. 1798లో అమరావతి స్తూపపు దిబ్బ చూసిన ఆయన, సర్వేయర్ జనరల్ అయ్యాక 1816 నుంచి తన చిత్రకారులతో అక్కడి శిల్ప ఫలకాలెన్నో గీయించాడు. కెమెరా లేని రోజుల్లో కోట బురుజైనా ఏటి రేవైనా సైన్యం చేత్తో గీసుకోవాల్సిందే. అందుకే ఈస్టిండియా కంపెనీ అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో డ్రాయింగ్ నేర్పేది. మన కాటన్ దొర చదివిందీ అక్కడే. అలా అలవాటైన చేతులే తర్వాత లితోగ్రాఫులకు పనికొచ్చాయి. నిజాం కొలువులో ఉన్న మెడోస్ టేలర్ ‘స్కెచెస్ ఇన్ ది డెక్కన్’ 1837లో వచ్చింది. ఫెర్గూసన్ పుస్తకంలోని సాంచీ బొమ్మల్లోనూ కొన్ని మైసీ అనే సైనికాధికారి గీసినవే.

లితోగ్రాఫుకు కావలసింది నునుపైన సున్నపురాయి. దాని మీద జిడ్డు సుద్దతో గీసి, రాయి తడిపి, సిరా రోలరు దొర్లిస్తే తడికి అంటని సిరా జిడ్డుకు అంటుతుంది. అమరావతి ఫలకాలూ సున్నపురాళ్లే. వాటిలో కొన్నింటిని మనవాళ్లు బట్టీల్లో కాల్చి సున్నం చేసేశారు. రాయి పోయినచోట మెకంజీ బొమ్మే మిగిలింది.

మిగిలిన రాళ్లలో మేలైనవి చాలావరకు లండన్‌కు, మద్రాసుకు వెళ్లిపోయాయి. మెకంజీ బొమ్మల ఆల్బం బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. బెజవాడలో ఓ ఇంటి హాల్లో ఈ బొమ్మ వేలాడితే, పిల్లవాడెవడో ‘ఇదెక్కడిది?’ అని అడుగుతాడు. కోసిన చేతిని క్షమించలేను గానీ, ఈ కాగితం మళ్లీ ఏ బీరువాలోకో పోవాలని మాత్రం నాకిప్పుడు లేదు. బేరమాడకుండా కొన్నాను.

ఫ్రేములు కట్టేవారికి నా మనవి. బొమ్మ కింది అంచు కత్తిరించకండి, గీసినవారి పేరు, అచ్చువేసినవారి పేరు ఉండేది అక్కడే. మన చెమ్మకు కాగితం అద్దానికి అతుక్కుంటుంది, మధ్యన మందపాటి అట్ట పెట్టండి. వెనక పెన్సిలుతో పుస్తకం పేరు, సంవత్సరం, ప్లేటు నంబరు రాయండి.