రాజశేఖర చరిత్రమున స్త్రీలోకము

కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికయందు ప్రకటింపబడ నారంభించి, 1880లో గ్రంథరూపమున వెలువడినది. నాటినుండి విమర్శకులు దీనినిగూర్చి రెండు ప్రశ్నలనే ప్రధానముగా వేయుచు వచ్చిరి. గోల్డుస్మిత్తు రచించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’నకు ఇది యెంత ఋణపడినది? తెలుగున తొలినవల ఇదియా, లేక 1872 నాటి నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారి ‘శ్రీరంగరాజ చరిత్ర’మా? రెండును అడుగదగినవే. కాని ఆ వాదముల నడుమ గ్రంథమును చదివి ఆనందించుట వెనుకబడినది. తరగతిలో సంస్కరణాంశముల పట్టికను విద్యార్థు లప్పజెప్పుదురు. రుక్మిణినిగూర్చి యడిగినచో మౌనము వహింతురు.

నాకు తోచినంతలో ఈ నవల రుచి కథాసంవిధానమున లేదు. దొంగలు, మాఱువేషములు, తప్పిపోయినవారు మరల కలిసికొనుట మొదలైనవి పాతకథల సామగ్రియే. రుచి యంతయు ధవళేశ్వరపు ఇంటిలోపల నున్నది. మాణిక్యాంబ గృహనిర్వహణము, రుక్మిణి తలంటి, పెరటిమాటలు, కాసులపేరు పోయినప్పటి కలవరము, దయ్యము పట్టినదను తలంపు, మంత్రగాని రాక - వీనిని వ్రాయునపుడు పంతులుగారి వాక్యము బరువు దించుకొని నడచును. మూఢవిశ్వాసములను ఖండింప బూనినవాడు ఆ విశ్వాసములు నివసించు ఇంటిని ఇంత మక్కువతో చిత్రించుట చిత్రమే. పంతులుగారు ధవళేశ్వరమున ఉపాధ్యాయులుగా నుండిరి. ఆ యూరి ఇండ్లు వారికి పుస్తకములవలన తెలిసినవి కావు.

గోదావరి తీరమున కెంతో దూరమైన పల్నాటి దుర్గి వంటి యూర, బావి గట్టున చేదతాడు పట్టుకొని నిలుచు స్త్రీల మాటలు విని పెరిగిన విద్యార్థి యొకడు ఈ ప్రకరణములను చదివిన, రేవు క్రొత్తయైనను మాట క్రొత్తగా నుండదు. బోధకులు ఈ గుర్తింపునుండియే పాఠ మారంభించుట మేలు. సంస్కరణము తరువాత చెప్పవచ్చును.

అయితే ఈ యానందము నిశ్చింతమైనది కాదు. తలంటి సంబరము నడచు ఆ యింటికే, అల్లుడు నృసింహస్వామి మరణించెనని వార్త వచ్చును. వార్త మాత్రమే, శవమును చూచినవారు లేరు. ఐనను రుక్మిణి బ్రతుకు ఆ యొక్క మాటతో మాఱిపోవును. నగలు, పసుపు, పూలు అంతవఱకు ముచ్చటగా తోచినవి, ఒక్కసారిగా వాని యర్థము వేఱగును.

ఇచ్చట ఆంగ్లమున గ్రామస్త్రీల జీవితమును చిత్రించిన ప్రసిద్ధ నవల ‘క్రాన్‌ఫర్డు’ జ్ఞప్తికి వచ్చును. ఎలిజబెత్ గాస్కెల్ దానిని 1851-53 నడుమ డికెన్సు నడపిన ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ వారపత్రికలో ప్రకటించెను. అందును చిరకాలము కానరాక పోయిన పురుషుడు తుదిలో తిరిగివచ్చును, అదియు భారతదేశమునుండి. కాని మిస్ మేటీ సోదరుడు పీటర్ రాకముందే, బ్యాంకు దివాలాతీయగా, ఆమె తేయాకు అమ్ముకొని తన బ్రతుకు తాను నిలుపుకొనుచున్నది. సోదరుని రాక ఆమెకు సుఖమును చేకూర్చినదే గాని, ఉనికిని ప్రసాదింపలేదు. రుక్మిణి విషయ మట్లు కాదు. దారిలో చనిపోయినదని తలచి తనవారే విడిచిపోగా, పురుషవేషము ధరించి ఒంటరిగా తన్ను తాను కాపాడుకొన్న ధీర ఆమె. గ్రంథమున ఆమె మిక్కిలి స్వతంత్రముగా కనబడు ఘట్ట మదియే. ఐనను ఆమె కష్టమునకు రచయిత చూపిన పరిష్కారము భర్త సజీవుడగుట యొక్కటే.

చదువరి మనస్సు ఆ ఘట్టమున ఉప్పొంగును, నాకును అట్లే. కాని నృసింహస్వామి నిజముగనే మరణించి యుండిన రుక్మిణి గతి యేమి? గ్రంథము ఈ ప్రశ్నను ఎదుటికి తెచ్చి, ఉత్తరము చెప్పక తప్పుకొన్నది. దీనిని శిల్పలోప మనుటకన్న, 1878లో పత్రికాపాఠకులు సహింపగల హద్దు అనుట న్యాయము. ఈ హద్దు తెలిసిన పాఠకుడు కథాంతమున సంతోషించుచునే కొంత కలత పడును. ఆ కలతయు గ్రంథ మిచ్చు అనుభవములోనిదే. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. ఆ పెండ్లికూతురి భర్త తిరిగిరాలేదు.