గడ్డికీ ఓ పది గుంటలు

యాసంగి కోతలయ్యాక సూర్యాపేట నుంచి కోదాడ వెళ్తుంటే పొద్దుగూకే వేళ పొలాల్లో పొగ లేస్తుంటుంది. హార్వెస్టర్ వదిలిన గడ్డిని తగలబెడుతుంటారు. ఆ ఊళ్లలోనే ఎండుగడ్డి కట్టలకు బేరమాడేవాళ్లూ ఉంటారు. చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారినమేరా జొన్నచేలు వరిమళ్లయ్యాయి. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరైంది. మన కంచంలోకి అన్నం వచ్చింది గానీ, బర్రె ముందు నుంచి జొన్న చొప్ప పోయింది. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. దాంతో కడుపు నిండుతుంది, పొదుగు నిండదు. పచ్చిమేత కరువైతే విటమిన్ ఏ అందక పశువు సరిగా ఎదకు రాదు. చూడి కట్టని ప్రతి నెలా రైతుకు నష్టమే.

మా రెండు బర్రెల కోసం బోరు పక్కన 10 గుంటలు మేతకు వదిలాను. రెండు కణుపుల నేపియర్ ముక్కల్ని ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేలా నాటాం. 70 రోజులకు తొలి కోత, ఆపైన 45 రోజులకోసారి. ఆలస్యమైతే కాడ ముదిరి పశువు వదిలేస్తుంది. పక్క సాళ్లలో అలసంద. రెండు పాళ్ల గడ్డికి ఒక పాలు అలసంద కలిపి, మిషనులో అంగుళం ముక్కలుగా కొట్టి వేస్తే తొట్లో ఈనె కూడా మిగలదు. అడుగున అంటిన పచ్చరసాన్ని కూడా నాలుక చాచి నాకేస్తాయి. దాణా బస్తా ఇప్పుడు మునుపటి కన్నా ఎక్కువ రోజులు వస్తోంది.

ఒక పాఠం మాత్రం గుండె గుబగుబలాడుతుండగా నేర్చుకున్నాను. వానలు ముఖం చాటేసిన ఏడు, వాడిన లేత జొన్న కోసి వేశాం. కాసేపటికే బర్రె వణికి, నురగ కక్కి కూలబడింది. నాము, అంటే లేత జొన్నలోని విషం. డాక్టరు వేళకొచ్చి సూది వేయబట్టి బతికింది. పూతకొచ్చాకే జొన్న కోయాలని మా నాయన చెప్తూనే ఉండేవాడు. నేను పచ్చదనం చూశాను గానీ పైరు వయసు చూడలేదు.

మేతను కూడా పంటలాగే చూడాలని ఆ రోజే తెలిసింది. బోరు లేనివాళ్లు సైతం కోసిన మడిలో తడి ఆరకముందే పిల్లిపెసరో జనుమో చల్లుకోవచ్చు. నిప్పు పెట్టిన మడికి దక్కేది బూడిద. విత్తనం చల్లిన మడి పశువుకు మేతా ఇస్తుంది, తనకు బలమూ తెచ్చుకుంటుంది. ఈసారి నారు పోసే ముందు బర్రె వాటా గుంటలు కొలిచి గట్టు వేయండి. వరి లెక్క ఆ తర్వాత చూసుకుందాం.