సెల్యులార్ గడియారం ఫోనుకు బదులు కాగలదా?

1946 జనవరిలో అమెరికా వార్తాపత్రికలలో వెలువడే ఒక బొమ్మల కథలో, డిక్ ట్రేసీ అనే డిటెక్టివు మణికట్టుకు ఒక వింత రేడియో వచ్చి చేరింది. గడియారంలాగా కట్టుకొని, దానిలోకి మాట్లాడితే దూరాన ఉన్న సహచరులకు వినిపించేది. వారి మాట అతనికి వినిపించేది. చిత్రకారుడు చెస్టర్ గౌల్డు కల్పన అది. బొమ్మల కథకు బ్యాటరీ లెక్కలు అక్కరలేదు.

ఆ తరువాత 71 ఏళ్ళకు, 2017 సెప్టెంబరు 12న, ఆపిల్ సంస్థవారు తమ ‘సీరీస్ 3’ గడియారాన్ని లోకానికి చూపుతూ, సరస్సు మధ్య తెడ్డుపలక మీద ఉన్న తమ ఉద్యోగినికి వేదిక మీదనుండి టెలిఫోను చేశారు. ఆమె చేతికున్న గడియారమే మోగింది. ఆమె దానితోనే జవాబు చెప్పింది. నాటినుండి ‘ఫోను ఇంట్లో వదలి బయలుదేరండి’ అన్న పిలుపు అనేక రూపాలలో వినవస్తున్నది. 2018 మే నెలలో ఎయిర్‌టెల్, జియో సంస్థల ద్వారా ఆ గడియారం మన దేశానికి కూడా వచ్చింది. గడియారానికి వెల చెల్లించేవాడు ఈ పిలుపుకు కూడా వెల చెల్లిస్తున్నాడు కనుక, అందులో నిజమెంతో భౌతికశాస్త్రం సహాయంతో తూచి చూడటం న్యాయమే.

మొదట యంత్రం సంగతి. మామూలు ‘స్మార్ట్’ గడియారంలో ఉండేది బ్లూటూత్ అనే కొద్దిదూరపు రేడియో మాత్రమే. అది పక్కనున్న ఫోనుతో మాట్లాడుతుంది. లోకంతో మాట్లాడే పని ఫోనుది. సెల్యులార్ గడియారంలో దీనికి అదనంగా, నేరుగా సెల్ టవరుతో మాట్లాడే రేడియో కూడా ఉంటుంది. వేలితో తీసి పెట్టే సిమ్ కార్డుకు బదులు, ఆ పని చేసే చిన్న ఎలక్ట్రానిక్ ముక్కను లోపలనే అతికిస్తారు. దీనినే ఈ-సిమ్ అంటున్నారు. ఫోనుకున్న నంబరే గడియారానికీ వర్తిస్తుంది. ఫోను దగ్గర ఉన్నంతసేపు గడియారం దానినే ఆశ్రయిస్తుంది. అది లేకపోతే తనకు తెలిసిన వైఫై కొరకు వెదుకుతుంది. అదీ లేనప్పుడే టవరును పిలుస్తుంది.

ఈ వరుస ఊరకే పెట్టినది కాదు. బ్లూటూత్ రేడియోకు సాధారణంగా రెండు మూడు మిల్లీవాట్ల శక్తి చాలు. గదిలో పక్కవాడి చెవిలో గుసగుసలాడటం వంటిది అది. ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న టవరుకు వినిపించాలంటే గుసగుస చాలదు, కేక వేయాలి. నాలుగవ తరం సెల్ వ్యవస్థలో ఫోనువంటి పరికరం వేయగల పెద్ద కేకకు ప్రమాణం 200 మిల్లీవాట్లు. టవరు దగ్గరగా ఉన్నప్పుడు పరికరం గొంతు తగ్గించుకుంటుంది, దూరమైనకొద్దీ పెంచుతుంది. ఊరి నడిబొడ్డున కలకాలం నిలిచిన బ్యాటరీ పొలం గట్టుమీద త్వరగా తరిగిపోవటానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇక ఆ కేకకు బలం ఎక్కడిది? సీరీస్ 3 గడియారాలలో చిన్నదాని బ్యాటరీలో నిలవ ఉండే శక్తి ఒక వాట్-గంటకు రవంత ఎక్కువ. అదే సంవత్సరం అదే సంస్థ అమ్మిన ఐఫోన్ 8లో సుమారు 7 వాట్-గంటలు. నేటి పెద్ద ఫోన్లలో 15కు పైగానే ఉంటున్నవి. 200 మిల్లీవాట్ల రేడియో శక్తిని బయటకు పంపాలంటే, ప్రసారిణిలో వేడిగా పోయే భాగాన్ని కూడా కలుపుకొని, బ్యాటరీనుండి దానికి రెండు మూడు రెట్లు గుంజవలసి వస్తుంది. అంటే సుమారు అర వాటు. దీనికి గ్రాహకం, ప్రాసెసరు, స్పీకరు పద్దులు చేర్చండి. ఒక్క వాట్-గంట ఉన్న పాత్ర ఎంతసేపటిలో ఖాళీ అవుతుందో పాఠకులే లెక్క కట్టవచ్చును.

ఆ లెక్కను తయారీదారులే ఒప్పుకున్నారు, కాకపోతే చిన్న అక్షరాలలో. సీరీస్ 3 గడియారం ‘రోజంతా’, అంటే 18 గంటలు పనిచేస్తుందని పెద్ద అక్షరాలలో ప్రకటించారు. దాని కింద ఉన్న వివరణ ప్రకారం, ఆ 18 గంటలలో టవరుతో సంబంధం 4 గంటలే. తక్కిన 14 గంటలు ఫోను పక్కనే ఉండి బ్లూటూత్‌తో నడుస్తున్నట్లు లెక్క. ఫోను లేకుండా ఏకధాటిగా మాట్లాడితే ఒక గంట. ఫోనుకు బదులని చెప్పిన వస్తువుకు రోజు గడవాలంటే, ఆ రోజులో మూడు వంతులకు పైగా ఫోను చెంతనే ఉండాలన్నమాట! ఇది దోషం కాదు, లెక్క. ఆ లెక్కను మరుగుపరచి ‘స్వేచ్ఛ’ అని పేరు పెట్టటం మాత్రం దోషమే.

ఇక్కడ చరిత్రలోని ఒక అంకెను గుర్తుచేయక తప్పదు. 1999లో శాంసంగ్ సంస్థ ఎస్.పి.హెచ్.-డబ్ల్యు.పి.10 అనే గడియారపు ఫోనును అమ్మకానికి పెట్టింది. బొద్దుగా, ఏరియల్ బయటకు పొడుచుకొని ఉండే ఆ వస్తువుతో మాట్లాడగల కాలం 90 నిమిషాలు. 2019లో వచ్చిన ఆపిల్ సీరీస్ 5కు, టవరుమీద మాట్లాడే కాలం గంటన్నరగా సంస్థ ప్రకటించింది. ఇరవై ఏళ్ళు గడిచినవి. అవే 90 నిమిషాలు. ఈ మధ్యకాలంలో ఇంజనీర్లు నిద్రపోలేదు. చిప్పులు వందల రెట్లు చురుకైనవి. కాని బ్యాటరీలో శక్తి సాంద్రత ఆ వేగంతో పెరగలేదు. పెరిగిన కాసింత శక్తిని రంగుల తెర, గుండె కొట్టుకోవటాన్ని లెక్కించే దీపాలు, దారి చూపే ఉపగ్రహ గ్రాహకం పంచుకున్నవి. టవరు దూరం మాత్రం తగ్గలేదు. కేకకు కావలసిన బలమూ తగ్గలేదు.

రెండవ చిక్కు ఏంటెన్నా, వెనుకటివారు ఏరియల్ అన్నది. అది తరంగదైర్ఘ్యంలో నాలుగవ వంతు పొడవున్నప్పుడు చక్కగా పనిచేస్తుందని పాఠ్యపుస్తకాలలో కూడా ఉంటుంది. 1800 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల తరంగం పొడవు సుమారు 16.7 సెంటీమీటర్లు, నాలుగవ వంతు 4.2. గడియారం సరిగా అంతే ఉంటుంది కనుక ఎలాగో ఇముడుతుంది. కాని గోడలు దాటి, పల్లెల దాకా ప్రాకేవి 850, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు. వాటిలో 850కి నాలుగవ వంతు కావాలంటే సుమారు 8.8 సెంటీమీటర్లు. ఇంత చోటు నాలుగు సెంటీమీటర్ల డబ్బాలో లేదు. సీరీస్ 3లో తెరనే ఏంటెన్నాగా వాడుకున్న ఉపాయం నిజంగా మెచ్చదగినది. అయినా కొలత కొలతే. పైగా ఈ ఏంటెన్నా ఉప్పునీటితో నిండిన మాంసపు ముద్దకు, అంటే మణికట్టుకు, అంటిపెట్టుకొని ఉంటుంది. అది రేడియో శక్తిలో కొంత పీల్చుకుంటుంది. ఫోనులో రెండు మూడు ఏంటెన్నాలు దూరదూరంగా అమర్చే వీలున్నది. గడియారంలో ఆ వీలు స్వల్పం. అందుచేత ఒకేచోట నిలబడిన ఇద్దరిలో ఫోను ఉన్నవాడికి రెండు గీతల సిగ్నలు కనిపిస్తున్నప్పుడు గడియారం ఒక్కటే ఉన్నవాడికి అసలే అందకపోతే ఆశ్చర్యపడనక్కరలేదు.

మూడవ చిక్కు భౌతికశాస్త్రానికి చెందినది కాదు, ఏర్పాటుకు చెందినది. ఐఫోన్ లేనివాడు ఆపిల్ గడియారాన్ని తనంతట తాను మొదలుపెట్టుకోలేడు. ఆండ్రాయిడ్ ఫోనుతో అది జతకట్టదు. 2021 నుండి వస్తున్న శాంసంగ్ గడియారాలు ఇందుకు సరిగా తలకిందులు. వాటికి ఐఫోన్ పనికిరాదు. ఆపిల్ సూచనల ప్రకారమే, సాధారణ ఎస్.ఎం.ఎస్. సందేశాలు గడియారానికి చేరాలంటే ఇంట్లో వదలిన ఫోను ఆగిపోకుండా, నెట్‌వర్కు తెగకుండా ఉండాలి. బ్యాంకు పంపే ఓటీపీ అటువంటి సందేశమే కదా! అంగడిలో చెల్లింపు సంగతి మరీ స్పష్టం. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతి ఫోనునూ సిమ్మునూ ముడిపెట్టి ఖాతాదారును గుర్తిస్తుంది. కూరల దుకాణంలో వేలాడే క్యూఆర్ అట్టను చదవటానికి కెమెరా కావాలి. ఈ గడియారాలకు అది లేదు. ఫోను లేకుండా సంతకు పోయిన పెద్దమనిషి జేబులో నోట్లు పెట్టుకొని పోవటం మంచిది.

తొలి రోజులలో సీరీస్ 3కు మరొక అపకీర్తి కూడా వచ్చింది. ఊరూపేరూ లేని వైఫై కనబడితే చాలు, దానిని పట్టుకొని వేలాడుతూ టవరును పిలవటం మరచిపోయేది. సంస్థ ఆ లోపాన్ని ఒప్పుకొని 2017 అక్టోబరులో సరిదిద్దింది. దానిని ఇప్పుడు ఎత్తిచూపటం న్యాయం కాదు.

నిజానికి మెరుగుదల జరుగుతూనే ఉన్నది. 2022లో ఖరారైన ప్రమాణాలలో, చిన్న పరికరాల కొరకు తేలికపరచిన ఐదవ తరం రేడియోకు చోటు దొరికింది. 2025లో వచ్చిన ఆపిల్ గడియారాలు ఆ రేడియోనే వాడుకుంటున్నవి; సిగ్నలు బలహీనమైనచోట సీరీస్ 11 రెండు ఏంటెన్నాలను ఒకేసారి పనిచేయిస్తుంది. 2023లో శాంసంగ్ వంటి గడియారాలకు వాట్సాప్ వచ్చిన తరువాత, సెల్యులార్ సౌకర్యం ఉంటే ఫోను దూరంగా ఉన్నా జవాబివ్వటం సాధ్యమైనది. దిశ మంచిదే. దూరం ఇంకా చాలా ఉన్నది.

అయితే ఈ గడియారం దండగ అనటానికి వీలులేదు. ఉదయం గంటసేపు పరుగుకో ఈతకో పోయేవారికి, రెండు చేతులా పనిచేసేవారికి అది చక్కని సాధనం. మరొక వర్గం కూడా ఉన్నది: ఫోనుకు బానిసలమైపోయినామని విసిగినవారు. వారి విషయంలో గడియారం చేతకానితనమే దాని సుగుణం. రెండంగుళాల తెరమీద గంటల తరబడి వీడియోలు చూడటం ఎవరి తరమూ కాదు. పిలుపు వస్తే అందుతుంది, అత్యవసరమైతే పిలవవచ్చు, ఇక చాలు. ఇంత వెల పెట్టి లోపాన్ని కొనుక్కోవాలా అని నవ్వేవారు నవ్వవచ్చును గాని, సాయంకాలం రెండు గంటలు ఫోనుకు దూరంగా గడపగలిగినవాడికి ఆ వెల ఎక్కువనిపించకపోవచ్చు.

అసలు జాగ్రత్త అవసరమైనది వృద్ధుల విషయంలో. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో, గుంటూరులోనో కరీంనగరులోనో ఒంటరిగా ఉన్న తల్లికి ఈ గడియారం పంపాలనుకోవటం సహజం. 2018లో వచ్చిన సీరీస్ 4 మొదలు, మనిషి పడిపోయినట్లు పసికట్టే ఏర్పాటు ఉన్నది. పడినవారు ఒక నిమిషం దాకా కదలకపోతే గడియారమే సహాయానికి ఫోను చేస్తుంది. ఆ తల్లి చేతిలో ఫోను లేని క్షణానికే ఈ సౌకర్యం. కాని సెల్యులార్ గడియారాలు ప్రాంతానికొక నమూనాగా తయారవుతున్నవి. అమెరికాలో కొన్న నమూనాలోని రేడియో ఇక్కడి టవర్ల పౌనఃపున్యాలకు సరిపడకపోతే అది మామూలు గడియారంగా మిగిలిపోతుంది. కనుక ఆ తల్లి ఉన్న ఊళ్ళో ఏ సంస్థ టవరు ఉన్నదో, ఆ సంస్థ ఆ నమూనాకు సేవ ఇస్తున్నదో లేదో కనుక్కొని, ఇక్కడే కొనటం మేలు. ఇంట్లో ఏ గదిలో సిగ్నలు అందుతున్నదో ఫోనుతో కాక గడియారంతోనే చూడాలి.

ఛార్జింగు వేళ కూడా ముందే నిర్ణయించుకోవలసినది. చాలామంది రాత్రి పడుకోబోయేముందు గడియారం విప్పి ఛార్జింగుకు పెడతారు. ముసలివారు చీకట్లో లేచి స్నానాలగదికి పోతూ జారిపడేది ఆ వేళలోనే. అప్పుడు గడియారం బల్లమీద ఉంటుంది. ఉదయం స్నానం చేసేటప్పుడు విప్పినా అదే ప్రమాదం. కనుక పనిమనిషి గాని, పొరుగింటివారు గాని ఇంట్లో ఉండే గంటను ఎంచుకొని అప్పుడే ఛార్జింగు పెట్టాలి. రాత్రి గడియారం చేతికే ఉండాలి.