ముందు 'స' నిలబడాలి

గొంతు మెరుగుపడటమంటే తియ్యగా మారడమని చాలామంది అనుకుంటారు. సాధనలో ముందుగా వచ్చేది నిలకడ. పట్టిన స్వరం పట్టినచోట ఉండాలి, ఊపిరి అయిపోవస్తున్నా కిందికి జారకూడదు. తీపి ఆ తర్వాతి మాట. అందుకే సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలోని శ్రీ భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలోనైనా, పద్మారావునగర్‌లో ఇంటి దగ్గర చెప్పే టీచరమ్మ ముందైనా కర్ణాటక గాత్రం 'స'తోనే మొదలవుతుంది.

ఆ 'స' ఎక్కడ ఉండాలో తేల్చుకోవడం తొలి పని. హార్మోనియం తెల్లమెట్లను బట్టి శ్రుతికి అంకె చెబుతారు. 'సి' ఒకటి, 'జి' ఐదు. నల్లమెట్టు వస్తే ఒకటిన్నర, ఐదున్నర. మగగొంతులు ఎక్కువగా ఒకటి, రెండు శ్రుతుల మధ్య కుదురుతాయి. ఆడగొంతులు ఐదు, ఆరు దగ్గర. ఒకటి శ్రుతిలో మగవారు 'స' అన్నప్పుడు స్వరతంత్రులు సెకనుకు దాదాపు 130 సార్లు కంపిస్తాయి; ఐదు శ్రుతిలో ఆడవారికి దాదాపు 196 సార్లు. శ్రుతి సరిపోయిందో లేదో రెండు కొసల్లో తెలుస్తుంది: కింద మంద్ర పంచమం గరగర లేకుండా పలకాలి, పైన తారస్థాయి గాంధారం మెడనరాలు ఉబ్బకుండా అందాలి.

కొత్తవారి గొంతు దెబ్బతినేది తరచు ఇక్కడే. సినిమా పాట కరోకే ట్రాక్ అసలు గాయకుడి శ్రుతిలో ఉంటుంది. అది తమకు పడకపోయినా గొంతును అక్కడికే సాగదీస్తారు. ఫోన్‌లో ట్రాక్ శ్రుతిని రెండు మెట్లు దించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. గొంతు మారే వయసు కుర్రాళ్ల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. స్వరతంత్రులు పొడవు, మందం పెరుగుతున్నకొద్దీ శ్రుతి కిందికి దిగుతుంది. పోటీ దగ్గరపడిందని పాత శ్రుతిలోనే పాడించడం వాళ్ల గొంతుకు చేసే అన్యాయం.

ఇక ఊపిరి. పీల్చేటప్పుడు భుజాలు లేస్తే మెడ బిగుసుకుంటుంది. పొట్ట, కింది పక్కటెముకలు విచ్చుకోవాలి. బాసింపట్టు వేసుకుని నిటారుగా కూర్చోమనేది అందుకే. గడియారం ముందు పెట్టుకుని అకారం పడితే మొదట్లో పది సెకన్లకే గొంతు వణకవచ్చు. చాలాసార్లు గాలి చాలక కాదు, మొదటి రెండు సెకన్లలోనే సగం ఒలకబోసుకోవడం వల్ల. గ్లాసు నీళ్లలో స్ట్రా ముంచి, బుడగలు ఒకే తీరున వచ్చేలా 'ఊ' అనడం దీనికి మంచి మందు. గాలి ఎక్కడ ఎగదన్నిందో బుడగలే చెబుతాయి.

తొలి పాఠాలైన సరళీ స్వరాలను మాయామాళవగౌళ రాగంలో పెట్టినది పురందరదాసు (1484–1564) అని సంప్రదాయం. ఆ ఎంపిక వెనుక గొప్ప తెలివి ఉంది. ఈ 15వ మేళకర్తలో స–రి, గ–మ పక్కపక్క మెట్లు. రి–గ మధ్య మాత్రం పెద్ద అంగ. పైన 'ప ద ని స' కూడా అచ్చు అదే కొలత. కింది సగం కుదిరితే పై సగానికి దారి పడ్డట్టే. కొత్తవారు తప్పేది ఎక్కువగా ఆ పెద్ద అంగ దగ్గరే: 'రి' కాస్త పైకెక్కుతుంది, 'గ' కాస్త కిందికి వస్తుంది. దీనికి ఒక పరీక్ష ఉంది. 'మ గ రి' అని దిగుతూ తంబురా ఆపేసి, 'స' పట్టుకుని, మళ్లీ తంబురా పెట్టాలి. రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతే సరే. లేకుంటే నాదం అలలు అలలుగా కొట్టుకుంటూ వినబడుతుంది; పక్కవారు తప్పు చెప్పాల్సిన పని ఉండదు.

ఆదితాళంలో మొదటి కాలానికి దెబ్బకొక స్వరం, రెండో కాలానికి రెండు, మూడో కాలానికి నాలుగు. తొందర అందరిదీ మూడో కాలం మీదే, గొంతు తయారయ్యేదేమో మొదటి కాలంలో. సరిగమలుగా పాడిన వరసను వెంటనే అకారంలో పాడితే, హల్లుల ఊతం పోయి దాగిన తప్పులన్నీ బయటపడతాయి. తరువాత జంటలు, దాటులు, అలంకారాలు, మలహరి గీతాలు.

ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నవారు "ఇది నా గొంతేనా?" అని బెంబేలెత్తుతారు. పాడేవారికి తమ గొంతు పుర్రె ఎముకల గుండా కూడా చేరుతుంది కనుక నిండుగా తోస్తుంది. లోకం వినేది రికార్డులో ఉన్నదాన్నే.

పటికబెల్లం, మిరియాలు, తేనె మింగితే అన్ననాళంలోకి పోతాయి, స్వరతంత్రులను తాకవు. గొంతుకు హాయినిస్తాయి, అంతవరకే. ఆవిరి మాత్రం తంత్రుల దాకా వెళ్తుంది. రోజంతా కొద్దికొద్దిగా నీళ్లు తాగడం మేలు. పదేపదే గొంతు సవరించుకుంటే తంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. దాని బదులు గుక్కెడు నీళ్లు మింగడం నయం. ఉజ్జయిని మహంకాళి బోనాల్లో డప్పులను మించి అరిచి వచ్చిన గొంతుకు మర్నాడు సాధన కన్నా విశ్రాంతి అవసరం. బొంగురు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి.

సికింద్రాబాద్‌లోనే ఇంకో బడి ఉంది: కంటోన్మెంట్ కాలం నుంచి వస్తున్న చర్చి పాట. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. నాలుగు గొంతుల కోయిర్‌లో సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అంటూ ఎవరి స్థాయికి తగిన వరస వారికిస్తారు. అరవకుండా పక్కవారిని వింటూ పాడటం అక్కడ త్వరగా అబ్బుతుంది. కర్ణాటక విద్యార్థికి అరువు తెచ్చుకోదగ్గ అలవాటు అది.

ప్రభుత్వ సంగీత కళాశాలల్లో గాత్రం సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. మూడు నెలల్లో గాయకుణ్ని చేస్తామని గోడలకు అంటించే కాగితాల కన్నా ఈ లెక్కే నిజానికి దగ్గర.