తలుపు అంచున మూడు అంకెలు

మూడు వారాలుగా నా శనివారాలన్నీ ఒక్క తలుపు దగ్గరే గడుస్తున్నాయి. ఉద్యోగం స్టుట్‌గార్ట్‌లో. సెలవు వస్తే ఊరి చివర పాత కార్లు బాగుచేసే షెడ్డుకి వెళ్లి చేతనైన సాయం చేస్తుంటాను. ఇప్పుడు పనిలో ఉన్నది పోర్షే 356. పెయింట్ ఊడదీసే మందు పూసి పొర తరవాత పొర గీకుతుంటే బూడిద రంగు, దాని కింద ఎరుపు, ఆ కింద ప్రైమర్, ఆఖరికి రేకు. ఆ రేకు అంచున పంచ్‌తో కొట్టిన మూడు అంకెలు బయటపడ్డాయి. మధ్య అంకె కొంచెం పక్కకి ఒరిగింది.

ఈ కార్ల బాడీలు చాలావరకు పోర్షే కట్టినవి కావు. 1948లో ఆస్ట్రియాలోని గ్మ్యూండ్‌లో మొదలుపెట్టిన తొలి కార్లకి అల్యూమినియం రేకుని చేత్తోనే సాగగొట్టారు. 1950లో తయారీ స్టుట్‌గార్ట్‌కి మారాక ఉక్కు బాడీల పని రాయిటర్ అనే సంస్థ చేతికి వెళ్లింది. కారు సీట్ల మీద కనిపించే రెకారో అన్న పేరు ఈ రాయిటర్‌దే; రాయిటర్ కరోసెరీ అన్న రెండు మాటల ముందు ముక్కలు అతికితే వచ్చింది.

రేకుని అచ్చులోనే నొక్కినా, ఒక కారు తలుపు తీసి ఇంకో కారుకి పెడితే సరిపడేంత కొలత ఆ రోజుల్లో కుదిరేది కాదు. తలుపుని దాని చోట బిగించి, చుట్టూ సందు ఒకే తీరుగా వచ్చేదాకా పనివాడు ఒకచోట ఆకురాయితో రాకేవాడు, ఇంకోచోట వేడికి మెత్తబడిన సీసాన్ని చెక్క తెడ్డుతో పామి అంచు పెంచేవాడు. అలా కుదిరిన తలుపు ఆ ఒక్క కారుదే. పక్క కారుకి పెట్టిచూడండి, ఒక మూల తగులుతుంది, ఇంకో మూల వేలు దూరుతుంది. అందుకే విప్పినవి మళ్లీ తమ కారుకే చేరేలా చాసిస్ నంబరులో చివరి రెండో మూడో అంకెలని తలుపుల మీద, ముందు మూత మీద, వెనక ఇంజిన్ మూత మీద కొట్టి ఉంచారు. 1965 దాకా సుమారు 76 వేల కార్లు ఇలా వచ్చాయి.

రెండేళ్ల కిందట ఒక ఇంజిన్ మూత తుప్పు తీస్తూ గ్రైండర్‌ని అంకెల మీదుగా పోనిచ్చాను. ఎనిమిదో తొమ్మిదో తెలియని గుంట ఒకటి మిగిలింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి అంకె ఉండే చోటికి యంత్రం తీసుకుపోను. మందు, మెత్తటి బ్రష్షు, ఓపిక, అంతే. అంకె కనపడగానే పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దుతాను, చిన్నప్పుడు పావలా బిళ్ల మీద రుద్దినట్టు. ఫొటోలో రాని గాటు లోతు ఆ కాగితం మీద తెలుస్తుంది.

ఈ కారుకి ఎడమ తలుపు, రెండు మూతలు ఒకే నంబరువి. కుడి తలుపు మీద మాత్రం వేరే నంబరు ఉంది. యజమానికి అది మింగుడుపడలేదు. నంబర్లన్నీ కలిసిన కారుకి ధర ఎక్కువ పలుకుతుంది మరి. “పాత అంకెలు పూడ్చేసి కొత్తవి కొట్టేద్దాం, ఎవరికి తెలుస్తుంది?” అన్నాడు.

నాకు తెలుస్తుంది. ఆ కుడి తలుపు అంచున సీసం రెండు పొరలుగా ఉంది. మొదటిది ఆ తలుపు పుట్టిన కారుకి కుదర్చడానికి, రెండోది ఈ కారుకి కుదర్చడానికి. పాత తలుపు ఏ గుద్దుడులో పోయిందో, ఎవరో ఇంకో కారుది తెచ్చి, రాయిటర్ పనివాడు పడ్డ శ్రమంతా మళ్లీ పడ్డారు. సందు ఇప్పటికీ పైనుంచి కింది దాకా ఒకే వెడల్పు. మనం దొంగ నంబరు కొడితే మొదట ఆ రెండో మనిషి పనే చెరిగిపోతుంది. గుర్తులు మళ్లీ పెట్టడమే తప్పని కాదు. 1960ల అమెరికన్ కార్లకి ఇంజిన్ వెనక గోడ మీద ఫ్యాక్టరీవాళ్లు మైనపు క్రేయాన్‌తో గీసిన గుర్తుల్ని, రంగు వేశాక ఫొటో చూసి మళ్లీ గీసేవాళ్లున్నారు. అది ఫలానా చోట ఫలానా గుర్తు ఉండేదని చూపడం వరకే అయితే నాకు అభ్యంతరం లేదు. లేని గుర్తు పుట్టించడం మాత్రం నేను చెయ్యను. ఇదే మాట యజమానితోనూ అన్నాను. ఆయన ఇంకా ఏ సంగతీ తేల్చలేదు.

వచ్చే శనివారం ప్రైమర్. రెండు తలుపుల దగ్గరా అంకెల మీద పుట్టీ పడకుండా, రంగు పల్చగా వెయ్యమని పెయింటరుకి చెప్పి వచ్చాను. రంగు ఆరాక కూడా వేలికి తగలాలి.